ఎదుగు పిల్లల మనోభారము

పసిబిడ్డకు జ్వరము వచ్చినచో తల్లికి తెలియకపోదు. నుదుటిమీద చేయి వేసి చూచిన చాలును. పాలు త్రాగకున్నను, ఏడుపు తీరు మాఱినను ఆమె గ్రహించును. కాని పదునాఱేండ్ల బిడ్డకు మనస్సు బరువెక్కినచో ఎచ్చట చేయి వేసి చూడవలెను? ఆ బిడ్డ మనకంటె పొడవుగా ఎదిగి, గది తలుపు చేరవేసికొని, "ఏమీ లేదు" అని ఒక్కమాట చెప్పి ఊరకుండును. ఆ మాట నమ్మి మనము వంటయింటిలోనికి పోవుదుము. ఆ "ఏమీ లేదు" అను మాట వెనుకనుండు భారమును గుఱించియే నేడు సోదరీమణులతో మాటలాడదలచితిని.

పదవ తరగతి దాటిన పిల్లల జీవితము మన తెలుగు ఇండ్లలో ఎట్లున్నదో వేఱుగ వర్ణింప నక్కఱలేదు. ఇంటర్మీడియెట్ రెండేండ్లు. దానితోపాటు ఇంజనీరింగు కోరువారికి జేఈఈ, వైద్యము కోరువారికి నీట్, రాష్ట్రముల ప్రవేశపరీక్షలు. వారమువారము కళాశాలలో ఒక పరీక్ష, దానికొక ర్యాంకు, ఆ ర్యాంకు తెలుపుచు తండ్రి ఫోనునకు ఒక సందేశము. తెల్లవాఱుజామున లేచి, రాత్రి పది దాటినగాని పుస్తకము మూయని పిల్లలెందఱో యున్నారు. శరీరమును, మనస్సును ఒక్కసారిగా మాఱు వయస్సు కూడ ఇదియే. రెండు బరువులు ఒకే భుజముపై పడినవి.

ఈ పిల్లలను "ఏమమ్మా, అట్లున్నావు?" అని అడిగినచో వచ్చు సమాధానము తఱచుగా ఒక్కటే: "టెన్షన్." ఈ మాట మన ఇండ్లలో ఎంతగా పాతుకొన్నదనగా, అక్షరమెఱుగని ముసలమ్మలు సైతము దానిని వాడుచున్నారు. నాకు ఆ మాటమీద కోపము లేదు. కాని అది పెద్ద దుప్పటివంటిది. దానిక్రింద ఏమేమి యున్నవో పైకి కనబడదు. మన పెద్దలు ఇట్టి బాధలకు వేఱువేఱు పేరులు పెట్టియున్నారు. దూరముననున్నవారికొఱకు ప్రాణము లాగుట బెంగ. జరిగినదానిని తలచి క్రుంగుట దిగులు. జరుగబోవుదానిని తలచి నిలువలేకపోవుట ఆదుర్దా. ఒక్కసారిగా కాలుసేతులు ఆడకపోవుట గాబరా. పదిమందిలో తల యెత్తలేకపోవుట సిగ్గు. ఒడలు విఱిగినట్లుండి యేమియు చేయబుద్ధి పుట్టకుండుట అలసట. వీని కన్నింటికిని మందు ఒక్కటి కాదు. బెంగపడిన బిడ్డకు నిద్ర చాలదు. అలసిన బిడ్డకు ఉపదేశము పనికిరాదు. కావున దుప్పటి తొలగించి, లోపలనున్న దేదో బిడ్డచేతనే పేరు పెట్టి చెప్పించుట మనము చేయదగిన మొదటి సాయమని నా అభిప్రాయము.

ఇది నేను పుస్తకములలో మాత్రము చదివి చెప్పుట కాదు. మా చెల్లెలి కుమార్తె 2023వ సంవత్సరమున ఇంటర్మీడియెట్ రెండవ యేడు చదువుటకై విజయవాడలోని మా యింటికి వచ్చెను. వారిది పల్నాటిలో ఒక పల్లెటూరు. మా మఱది మిరప వేయు రైతు. మొదటి యేడు వసతిగృహములో నుండి, అచ్చటి అన్నము సహింపక పిల్ల చిక్కి సగమైనది. మా యింట కుదురుకొన్నదని సంతోషించు నంతలో ఒక వింత కనబడెను. ప్రతి సోమవారము ఉదయమున ఆ పిల్లకు కడుపునొప్పి. కళాశాలలో వారపు పరీక్ష సోమవారమున జరుగును. మధ్యాహ్నమునకు నొప్పి పోవును. మరల ఆదివారము ప్రొద్దుగ్రుంకునప్పటికి ముఖము వాడిపోవును. వైద్యునియొద్దకు తీసికొనిపోతిమి. ఆయన రక్తపరీక్షయు, స్కానింగును చేయించి, వ్యాధి యేదియు లేదని చెప్పెను. అంతట చూడవచ్చిన బంధువులు "పరీక్ష ఎగగొట్టుటకు నటన" అని తీర్పు చెప్పిరి. ఆ పిల్ల మఱియొక తీర్పు తనకు దానే చెప్పుకొన్నది. "పెద్దమ్మా, అందఱూ వ్రాస్తూనే ఉన్నారు గదా, నాలోనే ఏదో లోపం ఉంది" అని నాతో అనెను. బంధువుల మాటకంటె ఈ మాటయే నన్ను ఎక్కువ కలతపెట్టెను.

అది నటనయు కాదు, లోపమును కాదు. ఆ నొప్పి నిజమైనది. ఆపద యెదురైనపుడు మన మూత్రపిండములపై టోపీలవలె కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును. ఊపిరి త్వరపడును. అరచేతులు చెమర్చును. పరుగెత్తుటకో పోరాడుటకో కావలసిన రక్తము కండరములకు పోవును. అట్టి వేళ అన్నము అరిగించుట ముఖ్యము కాదు గనుక కడుపులోని పని తాఱుమాఱగును. అడవిలో పులి యెదురైనవానికి ఇది ప్రాణరక్షణ. అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతి వివరించెను. 1936లో కెనడాలోని మాంట్రియల్ నగరమునుండి హాన్స్ సెల్యే అను పండితుడు, ఎలుకలపై చేసిన పరిశోధనలవలన, బాధ యేదైనను శరీరము ఇంచుమించు ఒకే తీరున ఎదుర్కొనుననియు, ఆ బాధ విడువక సాగినచో తుదకు డస్సిపోవుననియు చూపెను. "స్ట్రెస్" అను మాట నేటి యర్థమున వైద్యలోకమందు వ్యాపించుటకు ఆయనయే ముఖ్యకారకుడు.

శరీరమునకు పులికిని ప్రశ్నపత్రమునకును భేదము తెలియదు. పులియైనచో ఒక గడియలో వచ్చిపోవును. ప్రశ్నపత్రము వారమువారము వచ్చును. చిక్కు అంతయు అచ్చటనే యున్నది.

ఈ సంగతి ఆ పిల్లకు విడమఱచి చెప్పితిని. ఆమె జీవశాస్త్రము చదువుచున్నది. అడ్రినల్ గ్రంథుల పటము గీసి మార్కులు తెచ్చుకొన్నది. కాని ఆ పటములోని పని తన కడుపులోనే జరుగుచున్నదని అంతవఱకు ఎవరును ఆమెకు చెప్పియుండలేదు. కొంతసేపు ఊరకుండి, "అయితే సోమవారం సోమవారం నాకు పులి వస్తోందన్నమాట" అని నవ్వెను. నొప్పి ఆనాడే పోలేదు. కాని నొప్పిని చూచి సిగ్గుపడుట ఆనాటితో తగ్గెను. తన్ను తాను నిందించుకొనుట మానిన బిడ్డకు సగము బరువు దిగినట్లే.

భయము ఏ కొంచెమును ఉండరాదని కూడ అనుకొనరాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అను నిరువురు శాస్త్రజ్ఞులు చుంచెలుకలపై పరిశోధించి, కష్టమైన పని నేర్చుకొనుటకు ప్రేరణ కొంతవఱకు తోడ్పడుననియు, హద్దు మీఱినచో చెఱుపు చేయుననియు కనుగొనిరి. ఇల్లాండ్రకు ఇది క్రొత్తమాట కాదు. పొయ్యిలో మంట లేనిదే పాలు కాగవు. మంట ఎక్కువైనచో పొంగిపోవును. పొంగు పాలను మనము తిట్టము, పాఱబోయము, మంట తగ్గింతుము. పిల్లల విషయమునను చేయదగిన దదియే. ఐతే ఏ పొయ్యి మండుచున్నదో ముందు తెలియవలెను గదా!

అది తెలిసికొనుటకు ఎదురుగా కూర్చుండబెట్టి ప్రశ్నించుట మంచి మార్గము కాదు. ఈ వయస్సు పిల్లలు న్యాయస్థానములో ముద్దాయివలె ముడుచుకొందురు. చేతులకు పనియుండి, చూపులు కలియనపుడు మాట తానే వచ్చును. కార్తికమాసమున ఒక సాయంకాలము మే మిరువురము చిక్కుడుకాయల ఈనెలు తీయుచుంటిమి. "టెన్షన్ అంటావు గదా, అందులో ఏమేమి ఉన్నాయో ఈ చిక్కుడుకాయల్లాగా ఒక్కొక్కటి తీసి చూద్దామా?" అని నేనంటిని. మొదట నవ్వినది. పిదప ఒక్కొక్కటియే చెప్పినది.

ఊరిలోనున్న నాయనమ్మకు కన్ను సరిగా కనబడుట లేదు, ఆమెమీద బెంగ. కళాశాలలో ర్యాంకులనుబట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయుదురు. తాను పై సెక్షనునుండి క్రింది సెక్షనునకు పంపబడినది, అది సిగ్గు. రాత్రి పన్నెండువఱకు చదివి అయిదింటికి లేచుచున్నది, అది అలసట. ఇవి చెప్పిన పిమ్మట చాలసేపు ఊరకుండెను. నాలుగవది మెల్లగా చెప్పెను. తండ్రి తన ఫీజు నిమిత్తము అప్పు తెచ్చినాడు. ఆ సంవత్సరము మిరపపైరునకు తెగులు తగిలినది. సీటు రాకున్నచో ఆ అప్పు తనవలననే మునిగినట్లగునని ఆమె భయము. ఈ భయము ఏడాదినుండి యెవరికిని చెప్పక మోయుచున్నది.

చూచితిరా? "టెన్షన్" అను ఒక్క మాటక్రింద నాలుగు వేఱువేఱు బాధలు. మనోభావమునకు మాటలతో పేరు పెట్టినచో, మెదడులో భయమును రేపు భాగముయొక్క ఉద్రేకము తగ్గునని లాస్ ఏంజెలెస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. పేరు పెట్టినమీదట మఱియొక మేలు కూడ కలదు. ఏది మనము మాన్పగలమో, ఏది మాన్పలేమో తేలిపోవును.

బెంగకు మందు సులభముగ దొఱకెను. ఆదివారము సాయంకాలము ఒక అరగంట నాయనమ్మతో మాటలాడుట నియమముగ పెట్టితిమి. అప్పుడు చదువుమాట యెత్తరాదని ఆ ముసలమ్మకు కూడ చెప్పితిమి. అలసటకు నిద్ర. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్లవఱకు గల పిల్లలు దినమునకు 8 మొదలు 10 గంటలు నిద్రింపవలెనని అమెరికాలోని నిద్రావైద్యుల సంఘము 2016లో నిర్ణయించెను. ఈ వయస్సున నిద్ర తెప్పించు మెలటోనిన్ అను రసము రాత్రి ఆలస్యముగ ఊరును. అందువలన త్వరగా నిద్ర పట్టకుండుట వారి సోమరితనము కాదు. చదివినది మనస్సున నాటుకొనుట నిద్రలోనే చాలవఱకు జరుగును. మా యింట రాత్రి పదిన్నరకు పుస్తకముతోపాటు అందఱి ఫోనులును హాలులోని బల్లపై పెట్టుట ఆరంభించితిమి. అందఱివియు అని చెప్పుటకు కారణము కలదు. పెద్దల ఫోను దిండుక్రింద నుండగా పిల్లల ఫోను లాగికొన్నచో అది శిక్షయే గాని నియమము కాదు. ఉదయము ఆఱుగంటలకు ముందు ఆమెను లేపుటయు మానితిమి.

అప్పు భయమునకు నా మాట చాలదు. మా మఱదికి కబురు పంపితిని. ఆయన మాటకారి కాడు. వచ్చి, భోజనముచేసి, వరండాలో కూర్చుండి కూతురును పిలిచెను. "అప్పు నాది, చదువు నీది. నా అప్పు నీ పుస్తకాల్లో పెట్టుకోకమ్మా. నీకు సీటు వచ్చినా తీర్చేది నేనే, రాకపోయినా తీర్చేది నేనే" అనెను. ఆ పిల్ల కంట నీరు పెట్టుకొన్నది. ఆయన కండువాతో ముఖము తుడుచుకొని బస్సునకు పోయెను. పది ఉపన్యాసములు చేయలేని పని ఆ నాలుగు మాటలు చేసినవి. తండ్రి మనస్సులో ఆ మాట ఎప్పుడును ఉన్నదే. కాని చెప్పనంతవఱకు బిడ్డకు తెలియలేదు. మనము మనస్సులోనుంచుకొన్న ప్రేమను పిల్లలు ఊహించుకొందురని అనుకొందుము. ఈ వయస్సున వారు ఊహించుకొనునది తఱచుగా దానికి విరుద్ధమైనదే.

ఇక సెక్షను మార్పువలని సిగ్గును మేము మాన్పలేకపోతిమి. అది కళాశాలవారి చేతిలోనిది. ఐనను ఈ విషయమున తల్లులు తెలిసికొనదగిన దొకటి తరువాత జరిగెను. విశాఖపట్టణమున నీట్ పరీక్షకు చదువుచు 2023లో మరణించిన ఒక బాలికను గుఱించిన వ్యాజ్యమున, 2025 జులైలో సుప్రీముకోర్టువారు దేశమంతటి విద్యాలయములకును, కోచింగు కేంద్రములకును కొన్ని నియమములు విధించిరి. నూఱుగురు లేక అంతకు మించిన విద్యార్థులున్నచోట శిక్షణ పొందిన మనోవైద్య సలహాదారు ఒకరైనను ఉండవలెననియు, మార్కులనుబట్టి పిల్లలను తరగతులుగ విడదీయుట, పదుగురిలో అవమానపఱచుట సాధ్యమైనంతవఱకు మానవలెననియు అందు కలదు. పిల్లను చేర్చునపుడు వసతి, భోజనము, ఫలితములు అడుగుదుము గదా, "మీయొద్ద సలహాదారు ఎవరు? వారపు పరీక్షలో వెనుకబడిన పిల్లను ఏమి చేయుదురు?" అని కూడ అడుగుట మన హక్కు.

గాబరాకు వేళకు పనికివచ్చు చిన్న ఉపాయ మొకటి చెప్పెదను. ఊపిరి విడుచునపుడు గుండె కొంచెము నెమ్మదించును. కావున నాలుగు లెక్కపెట్టువఱకు ఊపిరి పీల్చి, ఆఱు లెక్కపెట్టువఱకు మెల్లగ విడుచుచు, అయిదునిమిషములు కూర్చున్నచో గాబరా చాలవఱకు దిగును. దీనిని పరీక్షనాడు క్రొత్తగా చేసిన ఫలములేదు. ముందు కొన్ని వారములు దినదినమును అలవాటు కావలెను. సాయంకాలము అరగంట నడక, వేళకు అన్నము ఇట్టివే. ఇవి చిన్నవని తీసివేయరాదు.

మగపిల్లలను గుఱించి ఒక మాట. వారు బెంగపడినపుడు ఏడువరు. ఏడువరాదని మనమే నేర్పియున్నాము. కంచము విసరుదురు, తలుపు దబాలున మూయుదురు, చెల్లెలిమీద కేకలు వేయుదురు. కోపము కనబడినచోట దానిక్రింద సిగ్గో భయమో కలదేమోయని చూడవలెను. కేకను సహింపుమని నేను చెప్పను. కాని కేక చల్లాఱిన పిదప, ప్రక్కన కూర్చుండి, ఆ కోపమునకు మూలమైన దేమని అడుగువారు ఇంట ఒక్కరుండవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది ఫలితములు వచ్చుటకు ముందు చెప్పవలసిన మాట. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు ప్రకటించినపుడు పెక్కు పొరపాటులు దొరలెను. తెలుగులో సున్న వచ్చినదని ప్రకటింపబడిన ఒక విద్యార్థినికి, మరల చూడగా 99 మార్కులు తేలినవి. ఆ దినములలో ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు కోల్పోయిరి. తలచుకొన్న కడుపు తరుగుకొనిపోవును. ఒక్కొక్క బిడ్డ మనస్సులో ఏమేమి యుండెనో మనము చెప్పజాలము. ఇట్టివానికి కారణము ఒక్కటియే యుండదు. కాని ఒకటి మాత్రము నేర్చుకొనవచ్చును. మార్కుల కాగితము తప్పు చెప్పవచ్చును. తప్పు చెప్పకున్నను, అది ఒక దినమున ఒక పత్రము వ్రాసిన తీరును చెప్పునుగాని బిడ్డ విలువను చెప్పదు. తప్పినవారికి ఆ వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదు, సంవత్సరము పోదు. ఈ మాటలు ఫలితములు వచ్చిన పిదప చెప్పిన ఓదార్పులగును. ముందే చెప్పినచో ధైర్యమగును.

బంధువుల సంగతి కూడ చూచుకొనవలెను. పెండ్లిపందిటిలో అన్నము వడ్డించుచునే "ర్యాంకెంత?" అని అడుగువారు మనలో నుండనే యున్నారు. వారి నోరు మూయలేము. కాని తల్లి ప్రక్కనుండి "మా పిల్ల కష్టపడుతోందండీ, అది చాలు మాకు" అని నవ్వుచు చెప్పినచో, ప్రశ్న అడిగినవారికంటె ఆ సమాధానమే బిడ్డకు చిరకాలము జ్ఞాపకముండును.

ఇంటి ఉపాయములకు లొంగని బాధలును గలవు. రెండు వారములకు పైగా నిద్రయు, ఆకలియు చెడియున్నను, స్నేహితులను, ఇష్టమైన ఆటపాటలను విడిచినను, తన వస్తువులు పంచిపెట్టుచున్నను, "నేను లేకపోతే మీకే మేలు" వంటి మాటలు వచ్చినను ఆలస్యము చేయరాదు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని నేరుగా, శాంతముగా అడుగవలెను. అడుగుటవలన ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. మోయుచున్న బరువు దించుకొనుటకు చోటు దొఱకును. ఔనని చెప్పినచో ఒంటరిగ విడువక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. భారతప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10వ తేదీన టెలి మానస్ అను ఉచిత టెలిఫోను సేవను ఏర్పఱచిరి. 14416 అను నంబరునకు రాత్రిపగలు ఎప్పుడైనను ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ నంబరును గ్యాసువాని నంబరుతోపాటు వంటయింటి గోడమీద వ్రాసియుంచుడు. మానసికవైద్యునియొద్దకు పోయినచో పిల్లకు పెండ్లి కాదను పాతభయము ఒక్క ప్రాణముపాటి చేయదు.

మా పిల్ల సంగతి చెప్పవలెను. 2024 మార్చిలో పరీక్ష మొదటినాడు కడుపునొప్పి మరల వచ్చెను. నేను కంగారుపడుచుండగా, "పులి వచ్చింది పెద్దమ్మా, వాకిట్లో కూర్చోబెట్టి వెళ్తున్నాను" అని చెప్పి పెరుగన్నము తిని బయలుదేఱెను. ఇంటర్మీడియెట్ మంచి మార్కులతో దాటెను. వైద్యవిద్యలో సీటు రాలేదు. రెండు దినములు ఏడ్చెను, ఏడువనిచ్చితిమి. మూడవనాడు తండ్రితో పొలమునకు పోయెను. ఇప్పుడు వ్యవసాయ కళాశాలలో చదువుచు, మిరపకు వచ్చు తెగుళ్లను గుఱించి తండ్రికే పాఠములు చెప్పుచున్నది.

సోదరీమణులారా! పరీక్షలను మనము తీసివేయలేము. ర్యాంకులను మార్చలేము. కాని సాయంకాలము బిడ్డ గుమ్మము త్రొక్కగానే మన నోటివెంట వచ్చు మొదటి ప్రశ్న మన చేతిలో నున్నది. "ఎన్ని వచ్చినవి?" అని అడుగుదుమా, "ఏమి తింటావు?" అని అడుగుదుమా అన్నది చిన్న సంగతివలె తోచును. మొదటి ప్రశ్నకు బిడ్డ లెక్క చెప్పి గదిలోనికి పోవును. రెండవదానికి వంటయింటిలోనికి వచ్చి పీటమీద కూర్చుండును. కూర్చున్న బిడ్డ ఏదో యొక వేళ మాటలాడకపోదు. అప్పుడు చేతిపని మానక, తొందరపడక, ఆ మాట చివరివఱకు వినుడు.